ఎలుక ఎందుకు గోక్కుంది? ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం మసెల్ కేసు, 1987

1987 నవంబర్ ఆఖరులో కెనడాలో, ఎక్కువగా క్విబెక్‌లో, మసెల్స్ తిన్నవాళ్లు వాంతులతో, కడుపునొప్పితో ఆస్పత్రులకు రావడం మొదలైంది. అంతవరకే అయితే దాన్ని ఫుడ్ పాయిజనింగ్ అని రాసి, సెలైన్ ఎక్కించి పంపేసేవాళ్లు. వీళ్లలో కొందరికి ఒకటి రెండు రోజుల్లో తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. తర్వాత అయోమయం, ఫిట్స్. ఇంకొందరికి పాత సంగతులన్నీ గుర్తున్నాయి, కొత్తగా చెప్పింది మాత్రం నిమిషాల్లో చెరిగిపోతోంది. కడుపు జబ్బుగా వచ్చిన మనిషికి జ్ఞాపకశక్తి పోవడమన్నది అప్పటికి ఏ సముద్రపు ఆహార విషానికీ లేని లక్షణం.

మసెల్ అంటే నీలి నలుపు చిప్పలున్న, తాళ్లకూ రాళ్లకూ అంటుకుని పెరిగే ఆల్చిప్ప రకం. కేరళలో కల్లుమ్మక్కాయ అని ఇష్టంగా తినేది దీని దగ్గరి బంధువే. తిన్న మసెల్స్ ఎక్కడివని వెనక్కి వెతికితే దారులన్నీ కెనడా తూర్పు తీరంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం తూర్పు కొసకే చేరాయి. అక్కడ కార్డిగన్, బ్రూడెనెల్, మాంటెగ్యూ నదులు సముద్రంలో కలిసే మూడు ముఖద్వారాల్లో తాళ్లకు వేలాడదీసి పెంచిన మసెల్స్ అవి.

తీరజలాల్లోని సూక్ష్మజీవి విషం మనిషిని చేరే దారి మొత్తం, అంటే నీరు, డయాటమ్ అనే ఒంటికణపు నాచు, ఆల్చిప్ప, పళ్లెం, మెదడు, ఒక్క కేసులో అంచెలంచెలుగా కనబడటం అరుదు. అందుకే ఈ కేసును ఇప్పటికీ పాఠంగా చెబుతారు. అయితే ఇందులో అసలు నేర్చుకోవలసింది విషం పేరు కాదు. మన దగ్గరున్న పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో, ఏ ప్రశ్నను అసలు అడగదో తెలుసుకోవడం.

ఎవరిని కేసుగా లెక్కపెట్టాలి

వార్త బయటికి పొక్కగానే 250కి పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఆ వారంలో మసెల్స్ తిని కడుపు గడబిడ అయిన ప్రతివాడూ తనకూ అదే అనుకుంటాడు కదా. అందుకని ముందు నిర్వచనం గీసుకున్నారు. మసెల్స్ తిన్న 24 గంటల్లోపు కడుపు లక్షణాలు గానీ, 48 గంటల్లోపు నరాల లక్షణాలు గానీ ఉంటేనే కేసు. ఈ జల్లెడలో నిలిచినవాళ్లు 107 మంది.

వాళ్లలో 76 శాతానికి వాంతులు, 50 శాతానికి కడుపులో మెలిపెట్టే నొప్పి, 42 శాతానికి విరేచనాలు. 43 శాతానికి తలనొప్పి, అదీ మనిషిని మంచం మీద నుంచి లేవనివ్వనిది. తాజా జ్ఞాపకాలు పోయినవాళ్లు 25 శాతం. 19 మంది ఆస్పత్రిలో చేరారు, అందులో 12 మంది ఐసీయూకి వెళ్లారు. ఫిట్స్, కోమా, ఊపిరి గొట్టంలో ఆగకుండా ఊరే స్రావాలు, నిలకడలేని బీపీ అందుకు కారణాలు. ఈ లెక్కలో మరణాలు 3. మెదడు కణజాలం పరిశీలించిన నివేదికలో మాత్రం 4 మెదళ్లు కనిపిస్తాయి. రెండు అంకెలూ పరిశోధన పత్రాల్లో తిరుగుతుంటాయి కాబట్టి ఏది దేనిదో చూసి వాడుకోవాలి.

రెండు గడువులు వేరువేరుగా పెట్టడంలో తెలివి ఉంది. 24 గంటలకే గీత గీసి ఉంటే కడుపు బాధ స్వల్పంగా ఉండి రెండో రోజు తికమకపడ్డ ముసలివాళ్లు లెక్క నుంచి జారిపోయేవాళ్లు. అసలు జబ్బు స్వభావం తెలిసింది వాళ్ల వల్లనే. వయసు పెరిగేకొద్దీ, అందులోనూ మగవాళ్లలో, ఆస్పత్రిపాలయ్యే ముప్పూ మతిమరుపు ముప్పూ పెరిగాయి. విషాన్ని ఒంట్లోంచి బయటికి పంపేది కిడ్నీలు. అవి అప్పటికే మందగించి ఉంటే అదే పళ్లెం, అదే మోతాదు, ఎక్కువ సేపు రక్తంలో తిరుగుతుంది.

మెదడులో ఏం జరిగింది

నరాల లక్షణాలు గట్టిగా ఉన్న 14 మందిని విడిగా పరీక్షించారు. తిన్న గంటన్నర నుంచి 48 గంటల లోపల అందరికీ అయోమయం మొదలైంది. 12 మందిలో కొత్త జ్ఞాపకాలు ఏర్పడే శక్తి తీవ్రంగా దెబ్బతింది. తెలివి, మాట, లెక్క వంటి మిగతావి చాలావరకు నిలిచాయి. మామూలు డిమెన్షియాకూ దీనికీ తేడా అక్కడే. 11 మందిలో కండరాలకు వెళ్లే నరాలు కూడా దెబ్బతిన్న ఆనవాళ్లు దొరికాయి. నలుగురికి పెట్ స్కాన్ తీస్తే టెంపోరల్ లోబ్ (చెవి వైపు ఉండే మెదడు భాగం) లోపలి భాగంలో గ్లూకోజ్ వాడకం తగ్గి ఉంది. చనిపోయినవాళ్ల మెదళ్లలో హిప్పోక్యాంపస్, అమిగ్డాలా అనే భాగాల్లో నరకణాలు చచ్చి ఖాళీలు ఏర్పడ్డాయి. కొత్త విషయాన్ని జ్ఞాపకంగా మార్చే పని హిప్పోక్యాంపస్‌దే కనుక, మంచం దగ్గర కనబడిన లక్షణమూ మైక్రోస్కోపు కింద కనబడిన గాయమూ ఒకదానికొకటి సరిగ్గా అతికాయి.

చికిత్సకు సంబంధించి ఈ కేసు నుంచి నిలిచిన సంగతులు కొన్నే. విరుగుడు లేదు. ఫిట్స్ ఫెనిటాయిన్‌కు సరిగా లొంగలేదు, నరంలోకి ఇచ్చిన డయాజిపామ్, ఫీనోబార్బిటాల్‌కు లొంగాయి. ఊపిరి గొట్టం కాపాడటం, ద్రవాలు, కిడ్నీల మీద కన్ను, అంతకుమించి చేయగలిగింది లేదు. డిశ్చార్జితో ఫైలు మూసేయకూడదు. ఫిట్స్‌తో చేరిన 84 ఏళ్ల ఒక రోగి కోలుకున్నట్టే కనిపించి, ఏడాది తర్వాత టెంపోరల్ లోబ్ మూర్ఛతో తిరిగి వచ్చాడు.

ల్యాబ్‌లో: ఉన్న పరీక్ష అడగని ప్రశ్న

మొదట చూడవలసినవన్నీ చూశారు: బ్యాక్టీరియా, వైరస్, భారలోహాలు, పురుగుమందులు. ఏదీ అతకలేదు. ఆల్చిప్పల విషాలకు అప్పట్లో అన్ని ల్యాబుల్లోనూ నడిచేది ఎలుక పరీక్ష. అది పుట్టింది పక్షవాతపు విషం కోసం, అంటే సాక్సిటాక్సిన్ కుటుంబం కోసం. 100 గ్రాముల మాంసానికి 100 మి.లీ. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి 5 నిమిషాలు మెల్లగా మరిగిస్తారు. చల్లార్చి, ఆమ్లత సరిచేసి, తేటనీటిలో 1 మి.లీ. తీసి సుమారు 20 గ్రాముల ఎలుక పొట్టలోకి ఎక్కిస్తారు. తర్వాత స్టాప్‌వాచ్. సాక్సిటాక్సిన్ తగినంత ఉంటే ఎలుక ఎగశ్వాస పీలుస్తూ నిమిషాల్లో చచ్చిపోతుంది. ఎంత త్వరగా చస్తే విషం అంత ఎక్కువని పట్టికలో చూసి రాస్తారు. 15 నిమిషాలు దాటితే పరీక్ష ముగిసినట్టే.

ఈ మసెల్స్ రసం ఎక్కించిన ఎలుకలు ఆ పట్టికకు అందలేదు. వెనక కాలు ఎత్తి అదే పనిగా భుజం గోక్కున్నాయి. కుక్క గజ్జి గోక్కున్నట్టు, ఆపకుండా, అదే చోట. ఆ తర్వాత తూలిపోవడం, ఫిట్స్, మరణం. కొన్నింటికి ఇదంతా జరగడానికి గంటలు పట్టింది. పక్షవాతపు విషానికి ఈ గోకుడు లేదు. 15 నిమిషాల దగ్గర స్టాప్‌వాచ్ ఆపి, 'పక్షవాత విషం లేదు' అని రాసేసినా నియమం ప్రకారం తప్పు కాదు. గమనించే గడువును 4 గంటలకు పెంచి, చావుతో పాటు ప్రవర్తనను కూడా రాసుకున్నందువల్లనే ఆ పరీక్ష కొత్త విషానికి దారి చూపే పనిముట్టయింది.

హాలిఫాక్స్‌లోని జాతీయ పరిశోధన మండలి ప్రయోగశాలలో జెఫ్రీ రైట్, మైఖేల్ క్విలియం వంటి రసాయన శాస్త్రవేత్తల బృందం దాన్ని అలాగే వాడుకుంది. విషపు మసెల్స్ ఒక పక్క, మంచి మసెల్స్ మరో పక్క పెట్టి, రెండింటి రసాలనూ ఒకే తీరుగా విడగొట్టుకుంటూ పోయారు. నీటిలో కరిగేది, నూనెలో కరిగేది అని రెండు చేసి, ప్రతి భాగాన్నీ ఎలుకకు ఎక్కించారు. గోకుడు ఏ భాగంలో ఉంటే దాన్ని మళ్లీ విడగొట్టారు. విషం నీటిలో కరిగే వైపే నిలిచింది. చివరికి మంచి మసెల్స్‌లో లేని, విషపు మసెల్స్‌లో మాత్రమే ఉన్న ఒక పదార్థం దగ్గర ఆగారు. 242 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని బలంగా పీల్చుకునే ఆమైనో ఆమ్లం, అణుభారం 311. డిసెంబర్ మధ్యకల్లా పేరు తేలింది: డొమోయిక్ ఆమ్లం. రంగంలోకి దిగాక పట్టింది కొద్ది రోజులే. ఇంత వేగం మంచి పరికరాల వల్ల మాత్రమే రాలేదు. పోల్చడానికి మంచి మసెల్స్ పక్కనే ఉంచుకోకపోతే వందల పదార్థాల్లో ఏది విషమో వెతకడం గడ్డివాములో సూది వెతకడమే.

రోగులు తినగా మిగిలిన మసెల్స్‌లోనూ అదే ఆమ్లం దొరికింది. రుజువుకు అది చాలా ముఖ్యమైన లంకె. పెంచిన చోట విషం ఉందని చూపడం ఒకటి, జబ్బుపడ్డ మనిషి వంటింట్లో మిగిలిన ముక్కలో అదే విషం చూపడం ఇంకొకటి.

దొరికిన పేరు కొత్తది కాదు. జపాన్‌లో కాండ్రియా అర్మాటా అనే ఎర్ర నాచు నుంచి 1958లోనే దీన్ని వేరు చేశారు. ఆ నాచు అక్కడ కడుపులో పురుగులకు మందు, సుమారు 20 మి.గ్రా. మోతాదు మనుషులు ఇబ్బంది లేకుండా తట్టుకున్నారు. మందుగా తెలిసిన పదార్థం విషంగా తిరిగి రావడం చాలామందిని తికమకపెట్టింది. తేడా అంతా మోతాదులోనే ఉంది.

ఎక్కడి నుంచి వచ్చింది

ఆ ఆమ్లం అప్పటిదాకా నాచుల్లోనే తెలుసు గనుక అనుమానం ముందు నాచు మీదికే పోయింది. ద్వీపం దగ్గర పెరిగే కాండ్రియా బంధువులో అది కొంచెం దొరికింది కూడా. కానీ తాళ్లకు వేలాడే మసెల్ నాచు మేయదు, నీటిని వడకట్టి అందులోని సూక్ష్మకణాలను తింటుంది. మసెల్స్ పేగులు కోసి చూస్తే పచ్చగా నిండి ఉన్నది ఒకే రకం డయాటమ్. సూదుల్లా సన్నగా, కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కి గొలుసులుగా ఉండే నిట్జ్‌షియా. నేటి పేరు సూడో-నిట్జ్‌షియా మల్టీసీరీస్. డయాటమ్‌లు అప్పటిదాకా మంచి మేత అనే లెక్క, మనిషిని చంపే విషం వాటి నుంచి వస్తుందని ఎవరూ ఊహించలేదు. స్టీఫెన్ బేట్స్ బృందం ఆ డయాటమ్‌ను విడిగా పెంచి, ఆమ్లం దానిదేనని 1989లో తేల్చి చూపింది.

నీటిలో ఆ కణాలు లీటరుకు కోటి దాటాయి. ఈ అంకెకు అర్థం తెలియాలంటే చిన్న లెక్క వేసుకోవాలి. ఒక్కో కణంలో 5 పికోగ్రాముల (పికోగ్రాము అంటే మైక్రోగ్రాములో పది లక్షల వంతు) విషం అనుకుందాం. కోటి కణాలకు లీటరుకు 50 మైక్రోగ్రాములు. మసెల్ గంటకు లీటరు నీరు వడకడితే రోజుకు 1,200 మైక్రోగ్రాములు. దాని మాంసం 10 గ్రాములైతే గ్రాముకు రోజుకు 120. మధ్యలో కొంత విసర్జించినా, వారం పది రోజుల్లో గ్రాముకు వందల్లోకి చేరడానికి అడ్డేమీ లేదు. ఆ సీజన్‌లో కొలిచిన గరిష్ఠం గ్రాముకు సుమారు 900 మైక్రోగ్రాములు. మసెల్‌కు దీనివల్ల ఏమీ కాదు. వాసన మారదు, రుచి మారదు, చిప్ప తాజాగా తెరుచుకుని మూసుకుంటుంది.

ఉడికిస్తే పోతుందా అన్నది మొదట వచ్చే ప్రశ్న. పోదు. వేడికి తట్టుకుంటుంది, నీటిలో కరుగుతుంది. ఉడకబెట్టిన నీటిలోకి కొంత దిగుతుంది కాబట్టి ఆ పులుసు తాగేవాళ్లకు అది అదనం.

20 అనే అంకె వెనక

రోగులు తిన్న పరిమాణాన్ని, మిగిలిన ముక్కల్లో కొలిచిన గాఢతను కలిపి మోతాదు లెక్కకట్టారు. 15 నుంచి 20 మి.గ్రా. తిన్నవారికి ఏమీ కాలేదు. 60 నుంచి 110 మధ్య కడుపు లక్షణాలతో పోయింది. తీవ్రమైన నరాల దెబ్బ తగిలినవాళ్లు 135 నుంచి 290 దాకా తిన్నారు. గ్రాముకు 900 మైక్రోగ్రాములున్న మసెల్స్ 150 గ్రాములంటే 135 మి.గ్రా. ఒక్క భోజనంతో అందుతుంది.

ఇబ్బంది మొదలయ్యే గాఢతను గ్రాముకు సుమారు 200 మైక్రోగ్రాములుగా తీసుకుని, పదో వంతు భద్రత ఉంచి, కెనడా 20 దగ్గర గీత గీసింది. యూరప్, అమెరికా సహా చాలా దేశాలు అదే పాటిస్తున్నాయి. ఈ గీత మరీ విశాలమైనదేమీ కాదు. 60 కిలోల మనిషి 400 గ్రాములు తింటే 20 దగ్గర 8 మి.గ్రా. అందుతుంది, కిలో బరువుకు 0.13. ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం 2004లో సూచించిన ఒక్కరోజు హద్దు కిలోకు 0.1. యూరప్ ఆహార భద్రత సంస్థ 2009లో ఇంకా కిందికి, 0.03కి దించింది. ఆ లెక్కన 400 గ్రాముల పళ్లానికి సురక్షిత గాఢత గ్రాముకు 4.5 మాత్రమే. చట్టం మాత్రం 20 దగ్గరే ఉంది. కాబట్టి 18 వచ్చిన శాంపిల్‌కు 'పాస్' రాసే అధికారి, పెద్ద పళ్లాలు తినే ఊళ్లకూ ముసలివాళ్లకూ అది ఎంత దగ్గరి పాసో తెలిసే రాయాలి.

ఎలుక పరీక్షకు ఇక్కడే తెర పడింది. డొమోయిక్ ఆమ్లాన్ని అది గ్రాముకు సుమారు 40 దాటాకే చూపగలదు. హద్దు 20. కొత్త విషాన్ని కనిపెట్టడానికి పనికొచ్చిన ఎలుక, రోజువారీ కాపలాకు పనికిరాదు.

ఇప్పుడు కొలిచే తీరు, చెడిపోయే చోట్లు

కాపలా పరీక్ష హెచ్‌పీఎల్‌సీ, అంటే రసాన్ని కాలమ్ అనే గొట్టం గుండా పంపి అందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం, 242 నానోమీటర్ల దగ్గర. పద్ధతి సులువే, కానీ తప్పులు జరిగేవి యంత్రంలో కాదు, అంతకుముందే. తాడు మీది మసెల్స్‌ను పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తీసుకోవాలి. విషపు పొర ఏ లోతులో ఉందో పైనుంచి తెలియదు. డజనుకు తగ్గకుండా చిప్పలు తెరిచి, కనీసం 100 గ్రాముల మాంసం పోగయ్యేలా చూసి, మొత్తం ఒకటిగా రుబ్బాలి. పచ్చివైతే జల్లెడ మీద 5 నిమిషాలు నీరు వార్చవచ్చు. గడ్డకట్టించి కరిగించినవైతే వార్చకూడదు. విషం ఉండేది ఎక్కువగా జీర్ణగ్రంథిలో. ఐసులో కణాలు పగిలి అది కరిగిన నీటిలోకి దిగుతుంది. ఆ నీరు సింకులో పోస్తే విషం కూడా సింకులోనే పోయి శాంపిల్ 'పాస్' అవుతుంది. ల్యాబుల్లో ఎక్కువగా పట్టుబడని తప్పు ఇదే.

రుబ్బిన ముద్ద 4 గ్రాములు తూచి, మిథనాల్, నీరు సగం సగం కలిపిన ద్రావణం 16 మి.లీ. పోసి 3 నిమిషాలు బాగా గిలకొట్టాలి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తేటను 0.45 మైక్రాన్ల ఫిల్టర్ గుండా తీయాలి. ఇక్కడ మొత్తం సుమారు 20 మి.లీ., కనుక గుణకం 5. యంత్రం మి.లీ.కు 12 మైక్రోగ్రాములు చూపితే మాంసంలో గ్రాముకు 60. ఈ గుణకం మరిచిపోయి 12ని 20తో పోల్చి 'పాస్' అని రాస్తే సరిగ్గా మూడు రెట్ల విషం బజారుకు వెళుతుంది.

ముడి రసాన్నే నేరుగా ఎక్కిస్తే ట్రిప్టోఫాన్ అడ్డొస్తుంది. ఈ ఆమైనో ఆమ్లం మాంసంలో ఎప్పుడూ ఉంటుంది, 242 దగ్గర అదీ కాంతి పీలుస్తుంది, కొన్ని కాలమ్‌ల మీద డొమోయిక్ ఆమ్లాన్ని ఆనుకునే బయటికి వస్తుంది. నిల్వ ఉన్న, కొంచెం చెడిన శాంపిళ్లలో మరీ ఎక్కువ. హద్దుకు అటూ ఇటూగా వచ్చిన శాంపిల్‌ను రుణావేశ కణాలను పట్టుకునే మార్పిడి కార్ట్రిడ్జి గుండా పంపి శుభ్రం చేయాలి. డొమోయిక్ ఆమ్లానికి మూడు కార్బాక్సిల్ గుంపులున్నాయి కనుక అది గట్టిగా పట్టుకుంటుంది, ట్రిప్టోఫాన్ కడుగులో పోతుంది. తర్వాత పీహెచ్ 3.2 సిట్రేట్ బఫర్‌తో విషాన్ని దించుకోవాలి. కార్ట్రిడ్జి ఎండకూడదు. వేగం సెకనుకు ఒక చుక్క. తొందరపడి సిరంజితో నెడితే విషం పట్టుకోకుండా జారిపోతుంది, ఫలితం తక్కువ వస్తుంది. శుభ్రం చేసిన శాంపిల్‌లో గ్రాముకు 0.03 మైక్రోగ్రాముల దాకా చూడవచ్చు.

ఎలుక పరీక్షకు తీసిన ఆమ్లపు రసాన్నే దీనికీ వాడుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. చేయవచ్చు, కానీ ఆ రోజే ఎక్కించాలి. ఆమ్లంలో రోజుల తరబడి ఉంచితే విషం విరిగిపోతుంది. వేడి, వెలుతురు తగిలితే కొంత ఎపి-డొమోయిక్ ఆమ్లమనే దాని మరో రూపంగా మారి యంత్రపు గ్రాఫులో పక్కనే ఇంకో చిన్న శిఖరంగా వస్తుంది, రెండూ కలిపే రాయాలి. ప్రమాణ ద్రావణాన్ని చీకటిలో, చల్లగా ఉంచకపోతే ప్రతి శాంపిల్ లెక్కా దానితో పాటే తప్పుతుంది.

నీటి మీద కాపలా

మాంసం పరీక్ష వచ్చేసరికి మసెల్ అప్పటికే మేసి ఉంటుంది. ముందుగా తెలియాలంటే నీరు చూడాలి. 20 మైక్రాన్ల వలతో లాగితే ఏం ఉందో తెలుస్తుంది, ఎంత ఉందో తెలియదు. లెక్కకు గొట్టంతో పైనుంచి కిందిదాకా కలిపి తీసిన నీరు కావాలి. టీ రంగు వచ్చేదాకా లూగాల్ అనే అయోడిన్ ద్రావణం కలిపి, గదిలో ఒక రోజు తేరనిచ్చి, తలకిందుల మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు.

అయితే మామూలు మైక్రోస్కోపు సూడో-నిట్జ్‌షియా అని చెప్పగలదు గానీ ఏ జాతో చెప్పలేదు. విషం చిమ్మే మల్టీసీరీస్‌కూ సాధారణంగా హాని చేయని పంగెన్స్‌కూ పైకి తేడా లేదు. డయాటమ్ కణపు పెంకు మీది గాడుల మధ్య రంధ్రాల వరసలు పంగెన్స్‌లో రెండు, మల్టీసీరీస్‌లో మూడు నాలుగు. అవి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోనే కనబడతాయి. అందుకే కణాల లెక్కను ప్రమాద ఘంటికగా వాడతారు, తీర్పుగా కాదు. గంట మోగితే మాంసం పరీక్ష చేస్తారు.

ఇంకొక మెలిక. ఈ డయాటమ్ జోరుగా పెరిగే రోజుల్లో విషం తక్కువ. సిలికేటో ఫాస్ఫేటో అడుగంటి ఎదుగుదల ఆగాక ఎక్కువ. కణాల సంఖ్య పడిపోతోందని శాంపిల్ తీయడం మానేసిన వారమే మాంసంలో అంకె పైకి వెళ్లవచ్చు.

మూసిన తర్వాత ఎప్పుడు తెరవాలన్నది జంతువును బట్టి మారుతుంది. నీలి మసెల్ శుభ్రమైన నీటిలో రోజుల్లోనే విషాన్ని వదిలేస్తుంది. పసిఫిక్ తీరంలో రేజర్ క్లామ్ అనే ఆల్చిప్ప రకం నెలల తరబడి, ఏడాది దాకా కూడా పట్టుకుని ఉంటుంది. 1991లో వాషింగ్టన్, ఒరెగాన్ తీరాల్లో ఇదే బయటపడింది. డంజెనెస్ పీత పొట్ట భాగాల్లోనూ అప్పుడే దొరికింది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని మాంటెరే ఖాతంలో డయాటమ్ తిన్న ఆంకోవీ చేపలను మింగి పెలికన్‌లు చచ్చాయి, 1998లో అదే తీరంలో వందల సీ లయన్లు. మనుషుల్లో 1987 స్థాయిలో మళ్లీ రాలేదంటే విషం తగ్గి కాదు, మాంసం బజారుకు వెళ్లేముందే ఆపుతున్నారు.

మన తీరానికి ఇందులో ఏముంది

మన దేశంలో ఆల్చిప్పల విషంగా నమోదైనవి పక్షవాతపు రకం: 1981లో తమిళనాడు వయలూరు, 1983లో మంగుళూరు దగ్గర కుంబళె, 1997లో కేరళ విళింజం. వీటిలో మరణాలూ ఉన్నాయి. ఇటు సూడో-నిట్జ్‌షియా మన తీరజలాల్లోనూ ఉంది, కాకినాడ ఖాతం వంటి చోట్ల గుల్లలు ఏరే పని ఏళ్లుగా సాగుతోంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహం నుంచి సముద్రపు రంగు చూసి నాచు పోటు (సూక్ష్మ నాచు ఒక్కసారిగా విపరీతంగా పెరగడం) సమాచారం ఇస్తుంది. ఎక్కడ పోటు ఉందో చెప్పడానికి అది మంచి కన్ను, కానీ ఉపగ్రహానికి పత్రహరితమే కనబడుతుంది, విషం కనబడదు. రంగు మారని నీటిలోనూ విషం ఉండవచ్చు, ఎర్రబారిన నీరు నిరపాయంగానూ ఉండవచ్చు.

క్యాజువాల్టీలో ఉన్న డాక్టరుకు తేడా పట్టే కొండగుర్తులు కొన్ని చాలు. తిన్న అరగంట రెండు గంటల్లో పెదవులు తిమ్మిరెక్కి, మనిషి స్పృహలోనే ఉండి ఊపిరి తగ్గితే పక్షవాతపు విషం, వెంటిలేటర్ సిద్ధం చేయాలి. విరేచనాలతో ఆగిపోతే ఆల్చిప్పల విషాల్లోనే మరొకటైన విరేచనపు రకం. ముందు వాంతులు, తర్వాత ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి, అయోమయం, మతిమరుపు, ఫిట్స్ అయితే డొమోయిక్ ఆమ్లం. గుల్లలు కాక పెద్ద రీఫ్ చేప తిని, చల్లటి నీళ్లు తగిలితే మండినట్టు అనిపిస్తే సిగ్వాటెరా అనే చేప విషం. పుండుకు సముద్రపు నీరు తగిలి జ్వరం, గంటల్లో పాకే వాపు, నీటి బొబ్బలు ఉంటే అది విషం కాదు, విబ్రియో బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ వెంటనే మొదలవ్వాలి.

డొమోయిక్ ఆమ్లం రక్తంలో నిలవదు, గంటల్లోనే మూత్రంలో పోతుంది. అనుమానం రాగానే తొలి మూత్రం పట్టి గడ్డకట్టించాలి, మూడో రోజు తీస్తే ఏమీ దొరకదు. అంతకంటే విలువైనది ఇంట్లో మిగిలిన కూర. దాన్ని పులుసుతో సహా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయాలి, వార్చకూడదు, వెలుతురు తగలకుండా ఫ్రీజర్‌లో పెట్టాలి. వండనివి మిగిలి ఉంటే వేరే డబ్బా. డబ్బా మీద కొన్న చోటు, కొన్న తేదీ, ఏ తీరంలో ఏరినవి, ఎన్ని గంటలకు తిన్నారు, ఎంతమంది తిన్నారు, వాళ్లలో ఎంతమందికి ఏమీ కాలేదు అని రాయాలి. ఆఖరి అంకెను చాలామంది వదిలేస్తారు. మోతాదు లెక్క మొదలయ్యేది దానితోనే.